మా కొలతకు సైకిల్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయండని మేడం అడిగినప్పుడు తలా ఒక అంశం తీసుకున్నారు. చదువు విలువ ఒకరికి, అంబేద్కర్ జీవితం ఒకరికి, హాస్టల్ జ్ఞాపకాలు మరొకరికి. మా ఐదుగురం సైకిల్ తీసుకున్నాం. సైకిల్ గురించి రాసేందుకు ఏముంటుందని కొందరు నవ్వారు. కానీ ఈ ఏడాది మా హాస్టల్లో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది దాని గురించే. పరీక్షలకు కూడా ఇన్ని లెక్కలు చేయలేదని చెబితే లెక్కల సారు ఏమంటారో.

మా పేర్లు రాయడం లేదు. హాస్టల్లో ఎలాగూ ఊరి పేరుతోనే పిలుచుకుంటాం. పరిగి అక్క, తాండూరు అక్క, కొడంగల్, మోమిన్‌పేట, ధారూరు చెల్లె. ఇందులో "మేము" అంటే ఈ ఐదుగురం. పరిగి అక్క ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ధారూరు చెల్లె 4 అడుగుల 10 అంగుళాలు. మిగతా ముగ్గురం మధ్యలో ఉంటాం. ఈ ఎత్తులు కాస్త గుర్తుంచుకోండి.

రెండేళ్ల కింద ఒక దాత మా హాస్టల్‌కు గేర్ల సైకిల్ ఇచ్చారు. ఆయన మనసు మంచిది. సైకిల్ కూడా మంచిదే. కానీ దాని ఫ్రేము 20 అంగుళాలది, చక్రాలు 29 అంగుళాలవి. ఆ అంకెలకు అర్థం అప్పట్లో మాకెవరికీ తెలియదు. కొత్త సైకిల్ వచ్చిందన్న సంతోషమే. ఆదివారం పొద్దున వంతులేసుకుని తొక్కాం. పరిగి అక్క బాగానే తొక్కింది. ధారూరు చెల్లె వంతు వచ్చింది. చెరువు దగ్గర మొరం దిగుడులో ఎదురుగా మేకలు వచ్చాయి. బ్రేకు వేసింది. సైకిల్ ఆగింది. కాలు కింద పెట్టబోతే నేల అందలేదు. మధ్యలో ఉన్న ఇనుప బద్ద మీద కూలబడింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. కడుపునొప్పి అంది. మూడో రోజు నడవలేకపోతే కొడంగల్ చూసి మేడంకు చెప్పింది. దవాఖానకు తీసుకుపోయారు. లోపల దెబ్బేమీ లేదు, కమిలింది, తగ్గుతుందన్నారు. వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చి ఏడ్చింది. "పెండ్లి కావాల్సిన పిల్లను సైకిల్ ఎక్కిచ్చిన్రా మేడం?" అని ఒకటే మాట. ఆ సాయంత్రమే సైకిల్ స్టోరు రూములోకి పోయింది. బియ్యం బస్తాల వెనక పెట్టి తాళం వేశారు. ఇకమీదట ఎవరూ సైకిల్ మాట ఎత్తకూడదన్నారు.

మేడంను మేము తప్పు పట్టలేదు. ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సింది ఆమే. కానీ మాకు లోపల ఒక బాధ ఉండిపోయింది. ధారూరు చెల్లె తొక్కడం రాక పడలేదు. పెద్దకాయం మనిషి కోసం చేసిన సైకిల్ మీద ఎక్కి పడింది. అయినా అందరూ ఆమె వైపే చూశారు. ఆడపిల్లకు గేర్ల సైకిల్ ఎందుకన్నారు. సైకిల్ సైజు ఎంత అని ఒక్కరూ అడగలేదు. మేమూ అడగలేదు.

అడగాలని మాకు తోచకపోవడానికి కారణముంది. కొలత అనేది మాకు అలవాటు లేదు. ఏటా యూనిఫారాలు వస్తాయి. చిన్నవి, నడిమివి, పెద్దవి అని మూడు కట్టలు. మన చేతికి ఏది వస్తే అది. చేతులు పొడుగైతే మడుచుకుంటాం, నడుము వదులైతే పిన్నీసు పెట్టుకుంటాం. బూట్లు పెద్దవైతే ముందర గుడ్డ కుక్కుతాం. మాకు తెలిసిన సైజు అంటే వచ్చినదానికి మనం సర్దుకోవడమే. సైకిల్‌కూ అట్లాగే సర్దుకోబోయాం. బట్టకైతే పిన్నీసు పెట్టొచ్చు, ఇనుముకు పెట్టలేం.

పోయినేడాది ఈ హాస్టల్లో చదివిపోయిన అక్కలు కొందరు కలిసి వచ్చారు. మీకేం కావాలో చెప్పండి, 20 వేల దాకా ఇస్తామన్నారు. మేము వెంటనే సైకిల్ అన్నాం. అక్కలు నవ్వి, "అయితే మీరే ఎంచుకోండి, మేము కొనియ్యం" అన్నారు. పాత సైకిల్‌ను దాత అనుమతి తీసుకుని అమ్మితే 7 వేలు వచ్చాయి. మొత్తం 27 వేలు.

మేడంను ఒప్పించడం ఒక పెద్ద కథ. చివరికి తాండూరు అక్క ఆఫీసు గోడ మీది ఫొటో చూపించింది. మాలావత్ పూర్ణ ఫొటో. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. "మేడం, ఆమె ఎవరెస్టు ఎక్కితే ఫొటో పెట్టుకున్నం. మేము అనంతగిరి గుట్ట ఎక్కుతమంటే వద్దంటున్నరు." మేడం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఎవ్వరూ పడొద్దు, పడితే దాచొద్దు" అని రెండు షరతులు పెట్టారు. మొదటిది మా చేతిలో లేదు గానీ రెండోదానికి ఒప్పుకున్నాం.

మామూలు లేడీస్ సైకిల్ కొనొచ్చు కదా, బుట్ట కూడా ఉంటుంది అని చాలామంది అన్నారు. మా చుట్టూ ఉన్నది మొరం నేల, ఎర్ర కంకర. ఎక్కుడు, దిగుడు. సన్న టైరు కంకరలో జారుతుంది. ఒక్క గేరుతో ఎక్కుడు ఎక్కాలంటే దిగి తోయడమే. మామూలు సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక 18 ఉంటే పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం రెండున్నర చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. చదును రోడ్డు మీద అది బాగుంటుంది. మౌంటెన్ బైక్‌కు చిన్న గేరులో ముందు 22, వెనక 32 పళ్లు ఉంటే ఒక చుట్టుకు చక్రం ముప్పావు చుట్టు కూడా తిరగదు. నెమ్మదిగా పోతుంది, కానీ పోతుంది. 41 కిలోల పిల్ల కూడా సీటు దిగకుండా గుట్ట ఎక్కుతుంది.

మొదటి షాపులో ఆయన మమ్మల్ని చూడగానే, "లేడీస్‌దా అమ్మా?" అని గులాబీ రంగు సైకిల్ బయటకు తీశారు. సీటు మీద పువ్వులు. మోమిన్‌పేట టేపు తీసింది. పక్కనున్న నల్లరంగు సైకిల్‌ను, దాన్ని, రెండింటినీ కొలిచాం. ఫ్రేము ఒకటే, బ్రేకులు ఒకటే. తేడా రంగులోనే ఉంది. "మాలో ఎవరి కోసమన్నా ఇది?" అని కొడంగల్ అడిగింది. "ఎవరైతే ఏంది, లేడీసే కద" అన్నాడు. పరిగి అక్కను, ధారూరు చెల్లెను పక్కపక్కన నిలబెట్టి చూపించాం. ఇద్దరి మధ్య 8 అంగుళాలు. ఆయన తల గోక్కున్నాడు.

ఈ రంగు మోసం మా ఒక్కరి అనుభవమే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాం. అమెరికాలో జార్జీనా టెర్రీ అనే ఆవిడ మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, 1985లో ఆడవాళ్ల సైకిళ్ల కంపెనీ పెట్టింది. పొట్టివాళ్లకు ఫ్రేము కుదరడం కోసం ముందు చక్రాన్ని వెనక చక్రం కంటే చిన్నది చేసింది. తైవాన్‌లో జెయింట్ కంపెనీకి చెందిన బానీ తూ 2008లో ఆడవాళ్ల కోసమే లివ్ అనే బ్రాండు మొదలుపెట్టింది. ఇది చదివి మేము ఆడవాళ్ల ఫ్రేమే కొనాలని తీర్మానించుకున్నాం. అప్పుడే తాండూరు అక్క ఇంకో సంగతి వెతికి తెచ్చింది. స్పెషలైజ్డ్ అనే కంపెనీ వేలాదిమంది సైకిల్ తొక్కేవాళ్ల కొలతలు చూసుకుని, 2019లో ఆడ ఫ్రేము, మగ ఫ్రేము అనే విభజన మానుకుంది. ఆడ మగ మధ్య తేడా కంటే ఒక మనిషికీ ఇంకో మనిషికీ మధ్య తేడానే ఎక్కువ ఉండొచ్చని వాళ్లు చెప్పిన మాట. మా ఐదుగురిని చూస్తే ఆ మాటలో నిజముంది. అయితే సీటు, చేతికి బ్రేకు అందడం, బరువుకు తగ్గ స్ప్రింగు, వీటి విషయంలో మాత్రం చాలామంది ఆడవాళ్లకు షాపులో ఉన్నది ఉన్నట్టు కుదరదు. అంటే రంగు వదిలేసి ఈ మూడు నాలుగు చోట్ల డబ్బు పెట్టాలన్నమాట.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేం. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ దాని గురించి రాశారు. లేడీస్ సైకిళ్లు చాలక వాళ్లు జెంట్స్ సైకిళ్లే తొక్కారట. కొందరికి అవే నచ్చాయట, ఎందుకంటే మధ్య బద్ద మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. మా ధారూరు చెల్లెను గాయపరిచిన బద్దే వాళ్లకు అక్కరకొచ్చింది. ఏది ఆడది, ఏది మగది అని ఎవరు చెప్పగలరు?

రైలెక్కి హైదరాబాద్ పోయి చూసిన షాపులో ఒక పెద్దమనిషి మెకానిక్ ఉన్నాడు. ఆయన ముందు అడిగిన మాట, "ఎవరు తొక్కుతరు బిడ్డా? ఎక్కడ తొక్కుతరు?" మాకు ప్రాణం లేచి వచ్చింది. గోడకు ఆనుకుని చెప్పులు విప్పి నిలబడమన్నాడు. నోటు పుస్తకం అట్టను కాళ్ల మధ్య పైదాకా ఆనించి పట్టుకోమని, పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీయమన్నాడు. గీత నుంచి నేలదాకా కొలిస్తే కాలు పొడవు. గీతలు మాలో మేమే గీసుకున్నాం, ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ధారూరు చెల్లెకు 27 అంగుళాలు వచ్చింది. సైకిల్‌కు అటో కాలు ఇటో కాలు వేసి రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడితే, బద్దకూ మనకూ మధ్య కనీసం 2 అంగుళాలు ఖాళీ ఉండాలి. గుట్టల్లో తొక్కేవాళ్లకు ఇంకా ఎక్కువుంటే మంచిది. ఆ లెక్కన ఆమెకు బద్ద 25 అంగుళాలకు మించకూడదు. పాత సైకిల్ బద్ద ఎంత ఎత్తులో ఉండేదో తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

అసలు గొడవ అక్కడే వచ్చింది. పరిగి అక్కకు 17 అంగుళాల ఫ్రేము సరిపోతుంది. ధారూరు చెల్లెకు 14. సైకిల్ ఒక్కటే. మాలో బాగా తొక్కేది పరిగి అక్కే, పోటీలకు పోవాలన్న కోరిక ఉన్నదీ ఆమెకే. మధ్యరకం 15 లేదా 16 తీసుకుందామని కొడంగల్ అంది. అందరికీ సమానమే కదా. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. "చిన్న ఫ్రేముకు సీటు పైకి లేపొచ్చు బిడ్డా. పెద్ద ఫ్రేమును కిందికి దించలేం." షాపు ముందర అరుగు మీద కూర్చుని చాలాసేపు వాదించుకున్నాం. కోపాలు కూడా వచ్చాయి. చివరికి పరిగి అక్క లేచి, "పద్నాలుగే తీసుకుందాం. నాకు ఇరుకైతది, అంతే. దానికైతే దెబ్బ తగులుతది" అంది. ఇంకేం మాట్లాడలేదు. తిరుగు రైలులో కూడా ముభావంగానే ఉంది. ఆమెకు బాధ కలగలేదని రాస్తే అబద్ధమవుతుంది.

చక్రాలు 26 అంగుళాలవి తీసుకున్నాం. ముందు వెనక రెండు షాకులున్న మెరిసే సైకిల్ ఒకటి అదే ధరకు కనిపించింది. మోమిన్‌పేట మనసంతా దాని మీదే. ఎత్తి చూడమన్నాడు మెకానిక్. ఇద్దరం పట్టుకుంటే లేచింది. తక్కువ ధరలో రెండు షాకులంటే బరువే తప్ప పని ఉండదు. మేము తీసుకున్నది ముందు షాకు మాత్రమే ఉన్నది, పద్నాలుగున్నర కిలోలు. ధారూరు చెల్లె బరువులో అదీ మూడో వంతు కంటే ఎక్కువే. పైగా ఆ షాకు స్ప్రింగు బరువైన మనుషుల కోసం చేసిందట, ఆమె ఎక్కి ఊపితే కదలనే లేదు. గాలితో సర్దుకునే షాకు మా డబ్బుకు అందదు. దానికి ఉపాయం టైర్లలో గాలి కొంచెం తగ్గించడం. పరిగి అక్కకు పెట్టే గాలి మిగతావాళ్లకు పెడితే రాళ్ల మీద బంతిలా ఎగురుతుంది. మరీ తగ్గిస్తే ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి పంచరవుతుంది. ఇది మేము మూడు పంచర్ల తర్వాత నేర్చుకున్నాం.

బ్రేకుల దగ్గర డబ్బు మిగుల్చుకోలేదు. ఆయిల్‌తో పనిచేసే డిస్కు బ్రేకులు తీసుకున్నాం. తీగ బ్రేకు పట్టాలంటే నాలుగు వేళ్లూ కావాలి, చిన్న చేతులకు దిగుడులో నొప్పి పుడుతుంది. ఇవి ఒకట్రెండు వేళ్లకే పడతాయి. బ్రేకు పిడి పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అది తిప్పితే పిడి హ్యాండిల్‌కు దగ్గరకు వస్తుంది. ఇంత చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టే పాత సైకిల్ మీద మేమంతా వేళ్లు సాగదీసుకుని తొక్కాం.

ఇక సీటు. దీని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాం. రాయాలనే నిర్ణయించాం, ఎందుకంటే చెప్పకపోవడం వల్లే ధారూరు చెల్లె రెండు రోజులు బాధపడింది. సైకిల్ ఎక్కువసేపు తొక్కితే ముందు భాగంలో తిమ్మిరి, నొప్పి వస్తాయి. మాలో నలుగురికి వచ్చాయి. నలుగురమూ మనకొక్కదానికేనేమో అనుకుని ఊరుకున్నాం. పాత విద్యార్థిని అక్కల్లో ఒకరు నర్సు. ఆమెను ఫోనులో అడిగాం. కూర్చునే ఎముకల మీద పడాల్సిన బరువు మెత్తటి భాగం మీద పడితే అలా అవుతుంది, అది సీటు తప్పు, పెండ్లికీ పిల్లలకూ దానితో ఏ సంబంధమూ లేదని చెప్పింది. నెలసరిలో ఓపిక ఉంటే తొక్కొచ్చు, లేకుంటే మానొచ్చు, అంతే అంది. ధారూరు చెల్లె ఆ ఫోను స్పీకరులో పెట్టించి రెండోసారి చెప్పించుకుంది.

ఎముకల కొలతకు మెస్సులో నూనె ప్యాకెట్లు వచ్చే అట్టపెట్టె చింపాం. గట్టి బల్ల మీద అట్ట పెట్టి, మోకాళ్లు కొంచెం పైకి వచ్చేలా కూర్చుని లేస్తే రెండు గుంటలు పడతాయి. గుంటకూ గుంటకూ మధ్య దూరం కొలవాలి. లావుగా ఉన్నవాళ్లకు ఎక్కువ వస్తుందనుకున్నాం. మాలో అందరికంటే సన్నంగా ఉండే మోమిన్‌పేటకే ఎక్కువ వచ్చింది. ఆ రోజు డార్మిటరీలో అందరూ వరసగట్టి అట్టల మీద కూర్చున్నారు, వంటామెతో సహా. చివరికి మధ్యలో గాడి ఉన్న, కాస్త వెడల్పు సీటు తీసుకున్నాం. దాని ముక్కు ఇసుమంత కిందికి వంచి బిగించాం. మెత్తటి సీటే సుఖమని కొనొద్దు, ఎముకలు దిగబడి మళ్లీ అదే నొప్పి.

సైకిల్ 23,500. వేరే సీటు, పరిగి అక్క కోసం పొడుగు సీటు పైపు కలిపి 1,600. హెల్మెట్ 1,100. పంపు, పంచర్ సామాను 650. మిగిలిన 150కి స్టేషన్ దగ్గర మిర్చి బజ్జీలు తిన్నాం. లెక్క మేడంకు అప్పజెప్పాం, బజ్జీలతో సహా.

సైకిల్ వచ్చిన వారం తాండూరు అక్క వాళ్ల తాత ఆమెను చూడడానికి వచ్చాడు. సైకిల్ చుట్టూ తిరిగి చూశాడు. ఆయన యవ్వనంలో పాత సైకిల్ ఒకటి కొన్నాడట. ఊళ్లో దొర గడి ముందర దిగి, చెప్పులు చేతపట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ పోవాల్సి వచ్చేదట. గడి దాటినాక మళ్లీ ఎక్కేవాడట. "గేర్లెన్ని?" అని అడిగాడు. 24 అని చెప్పాం. "అన్నెందుకు?" అన్నాడు. పరిగి అక్క ఎక్కి, దిగకుండా హాస్టల్ ముందు ఎక్కుడంతా ఎక్కి చూపించింది. ఆయన చేయి అడ్డం పెట్టుకుని, ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు.

మొదటి ఆదివారం చెరువు దారికే పోయాం. ధారూరు చెల్లె తనే అడిగింది. చున్నీ నడుముకు కట్టుకుని, ప్యాంటు అంచుకు రబ్బరు బ్యాండు వేసుకుంది. మేమంతా దిగుడు కింద నిలబడ్డాం. పడిన చోటికి వచ్చేసరికి మేకలేమీ లేవు, అయినా బ్రేకు వేసింది. ఆగింది. సీటు ముందుకు దిగి రెండు పాదాలూ మొరం మీద ఆనించి నిలబడింది. అట్లాగే కొంతసేపు నిలబడి, "అందుతున్నది" అంది. మళ్లీ ఎక్కి పోయింది. దసరాకు వాళ్లమ్మ వచ్చినప్పుడు అదే పని అమ్మ ముందు చేసి చూపించింది. వాళ్లమ్మ ఒప్పుకుందా అంటే, ఒప్పుకోలేదు గానీ వద్దనలేదు.

పరిగి అక్కకు ఇప్పటికీ మోకాళ్లు హ్యాండిల్‌కు దగ్గరగా వస్తాయి. ఈసారి ఎవరైనా దాత ముందుకొస్తే 17 అంగుళాల ఫ్రేము అడుగుతామని ఇక్కడే రాసి పెడుతున్నాం.

సీటు పైపు మీద గోళ్ల రంగుతో గీతలు పెట్టుకున్నాం. ఎరుపు ధారూరు చెల్లెది, అన్నిటికంటే కింద. తర్వాత గులాబీ, ఊదా, మెరుపుల తెలుపు. అన్నిటికంటే పైన నీలం పరిగి అక్కది. పైపు మీద కంపెనీ వాళ్లు గీసిన హద్దు ఒకటి ఉంటుంది, దాన్ని దాటి పైకి లేపకూడదు, లేపితే పైపు విరుగుతుంది. కొత్తగా వచ్చిన చెల్లెళ్లు ముగ్గురు తమ గీతలు ఎప్పుడు పెడతారని అడుగుతున్నారు. ముందు గోడకు నిలబడి కొలుచుకు రమ్మన్నాం. సీటు బిగించే తాళం మెస్సు తలుపు పక్కన మేకుకు ఉంటుంది. తీసుకున్నవాళ్లు పుస్తకంలో సంతకం పెట్టి, పని కాగానే మళ్లీ అక్కడే తగిలించాలి.